రేపట్నుంచి అనడం ఆపి ఇవాళే మొదలెట్టడం ఎలా: బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళ కోసం స్టెప్ బై స్టెప్ గైడ్

మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ, ఏ పీజీలో చూసినా మన తెలుగువాళ్ళు నలుగురైనా ఉంటారు, వాళ్ళ నోట తరచూ వినపడే మాట "మండే నుంచి పక్కా స్టార్ట్ చేస్తా". జిమ్, జాబ్ మారడానికి ప్రిపరేషన్, ఇంగ్లీష్ ప్రాక్టీస్, ఖర్చులు రాసుకోవడం, ఇంట్లో ఎప్పట్నుంచో అడుగుతున్న ఏదో పేపర్ పని, అన్నీ మండేకే. తీరా ఆ మండే వచ్చేసరికి, ఆదివారం రాత్రి ఊర్లో బస్సెక్కి పొద్దున్నే మడివాళలో దిగి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి రూమ్‌కి చేరి స్నానం చేసి లాగిన్ అయ్యేసరికే ఒంట్లో ఓపిక సగం అయిపోయి ఉంటుంది. ఇక ఈ వారం మూడ్ లేదు, వచ్చే మండే చూద్దాం.

ఈ మూడ్ కోసం ఎదురుచూడ్డం దగ్గరే అంతా ఆగిపోతోంది. ముందు ఉత్సాహం వస్తుంది, ఆ తర్వాత పని జరుగుతుంది అని మనందరి బుర్రలో ఉండిపోయింది, జరిగేది చాలావరకు తలకిందులు, పనిలో చెయ్యి పెట్టిన పది నిమిషాలకి ఉత్సాహం మెల్లగా వస్తుంది. డిప్రెషన్‌కి వాడే బిహేవియరల్ యాక్టివేషన్ అనే థెరపీ నడిచేది కూడా ఈ దారిలోనే, మనసు బాగయ్యాక చేద్దువుగాని అనరు, చిన్న పని ఒకటి టైమ్ పెట్టి చేయిస్తారు, మనసు దాని వెనకాల కదులుతుంది. కాబట్టి ఈ గైడ్ మొత్తం ఒక్క విషయం గురించే: మూడ్ లేని రోజు కూడా ఆ మొదటి పది నిమిషాలు జరిగిపోయేలా ముందే ఏర్పాటు చేసుకోవడం ఎలా అని.

స్టెప్ 1: అసలు ఇది బద్ధకమేనా?

పని జరక్కపోతే మనం పెట్టుకునే పేరు ఒక్కటే, బద్ధకం. కొంచెం లోపలికి చూస్తే చాలాసార్లు వేరే ఏదో ఉంటుంది.

మొదట నిద్ర చూసుకోండి. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటలు కావాలి. యూఎస్ వాళ్ళతో కాల్స్ అయ్యేసరికి రాత్రి పదకొండు, తర్వాత ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట, మళ్ళీ పొద్దున పీజీలో టిఫిన్ అయిపోకముందే లేవాలి, ఇలా ఐదారు గంటల నిద్రతో వారాలు లాగేవాళ్ళకి ఏ టెక్నిక్ చెప్పినా దండగే, ముందు ఒక రెండు వారాలు నిద్ర సరిచేసుకుని అప్పుడు మిగతా స్టెప్పులకి రండి. నిద్ర బాగానే ఉండి కూడా ఎప్పుడూ నీరసంగా ఉంటే డాక్టర్ దగ్గరికెళ్ళి థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 లాంటివి చూపించుకోండి. రక్తం తక్కువై వచ్చే నీరసానికి కూడా బద్ధకం అని పేరు పెట్టుకుని తమని తామే తిట్టుకునేవాళ్ళు ఉన్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తర్వాత భయం. ఇంటర్వ్యూ ప్రిపరేషన్ నెలల తరబడి వాయిదా వేసేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించండి, "రిజెక్ట్ చేస్తే నాకేమీ రాదని తేలిపోద్ది కదా" అనే మాట ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది. ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2013లో రాసింది ఇదే, వాయిదా వెయ్యడం అనేది టైమ్ మేనేజ్‌మెంట్ కంటే కూడా, ఆ పని తలుచుకుంటే వచ్చే చిరాకునీ భయాన్నీ అప్పటికప్పుడు తప్పించుకోవడానికి మనం చేసే పని అని. అంటే కొత్త ప్లానర్ యాప్ వేసుకున్నంత మాత్రాన ఇది పోదు. ఏది తలుచుకుంటే కడుపులో తిప్పినట్టు ఉందో దాన్ని ఒక కాగితం మీద ఒక్క లైన్‌లో రాసుకోండి, రాశాక అది కొంచెం చిన్నదిగా కనపడుతుంది, అప్పుడు దాన్ని ఎలా మొదలెట్టాలో స్టెప్ 3లో ఉంది.

ఇంకోటి. రెండు వారాలకి పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, ఎప్పుడూ ఇష్టంగా చేసేవి కూడా సప్పగా అనిపిస్తూ, తిండీ నిద్రా కూడా తేడాగా ఉంటే దాన్ని మోటివేషన్ లేకపోవడం అనుకుని లాగించొద్దు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలెట్టింది, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. దానికి పెద్ద దిక్కుగా ఉన్నది మన హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్సే. ఆ రోడ్డు మీద రోజూ ఆఫీసుకి వెళ్తూ లోపలికి అడుగు పెట్టడానికి మొహమాటపడేవాళ్ళు ఎందరో, కాలు విరిగితే ఆస్పత్రికి వెళ్ళమా?

స్టెప్ 2: ఈ పని మీరు కోరుకున్నదేనా చూసుకోండి

కాగితం మీద మీరు "చెయ్యాలి" అనుకుంటున్నవన్నీ రాసి, ఒక్కోదాని పక్కన ఎవరి కోసమో రాయండి. నాన్న అన్నాడని, బ్యాచ్‌మేట్‌కి అంత ప్యాకేజీ వచ్చిందని, ఊర్లో పెళ్ళిలో ఎవరో అడిగారని, ఇలా వచ్చినవి ఎన్ని ఉంటాయో మీకే తెలుస్తుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు, వాళ్ళు చెప్పేది మనిషి తనంతట తాను కదలాలంటే మూడు కావాలని: ఇది నేను ఎంచుకున్నది అనే భావన, ఇది నాకు వస్తోంది అనే నమ్మకం, మనవాళ్ళు అనిపించే నలుగురు. ఈ గైడ్‌లో మిగతా స్టెప్పులన్నీ తిప్పి తిప్పి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి.

డెసీ 1971లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కాలేజీ స్టూడెంట్స్‌కి సోమా అనే ముక్కలు కలిపే పజిల్ ఇచ్చాడు, అందరూ సరదాగా చేస్తున్నారు. తర్వాత కొందరికి మాత్రం పజిల్‌కి ఇంత అని డబ్బులిచ్చి, మళ్ళీ ఇవ్వడం ఆపేశాడు. ఆపేశాక ఖాళీ టైమ్‌లో వాళ్ళు ఆ పజిల్ ముట్టుకోవడం తగ్గిపోయింది. డబ్బు కోసం పనిచెయ్యడం తప్పని నేననట్లేదు, బెంగళూరు అద్దెలకి డబ్బు కావాల్సిందే, ఊర్లో అప్పు తీర్చాలన్నా కావాల్సిందే. నేననేది ఏంటంటే హైక్ ఒక్కటే కారణం అయితే హైక్ రాని ఏడాది పని మీద మనసు మొత్తం పోతుంది, కాబట్టి దాని పక్కన మీకంటూ ఇంకో కారణం వెతుక్కోండి, చిన్నదైనా పర్లేదు. లిస్టులో ఒక్కటి ఉంచుకుని మిగతావి మూడు నెలలు పక్కన పెట్టండి, ఒకేసారి జిమ్మూ, కోర్సూ, డైటూ మొదలెట్టినవాళ్ళు మూడూ వదిలెయ్యడమే నేను ఎక్కువ చూశాను.

స్టెప్ 3: చెయ్యి పెట్టగలిగేంత చిన్నది చెయ్యండి

నాకు తెలిసిన ఒక అనంతపురం తమ్ముడు సపోర్ట్ ప్రాజెక్ట్‌లో ఉన్నాడు, డేటా వైపు మారాలని వాడి కోరిక. గోడకి కాగితం అంటించుకున్నాడు, "రోజూ 2 గంటలు ఎస్‌క్యూఎల్" అని, అంటే డేటాబేస్‌లోంచి డేటా తియ్యడానికి వాడే భాష. రాత్రి తొమ్మిదిన్నరకి మెస్‌లో తినొచ్చి, టేబుల్ లేదు కాబట్టి మంచం మీదే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిస్తే ముందు రోజు వదిలేసిన ట్యాబ్‌లు పాతిక, ఏ వీడియో ఎక్కడ ఆపాడో గుర్తుండదు, ఇది చూడాలా అది చూడాలా అని వెతుక్కుంటుండగానే పక్క బెడ్ మీద ఉన్నోడు క్రికెట్ పెడతాడు, అంతే. వారం తిరిగేసరికి ఆ గోడ మీద కాగితం చూస్తేనే వాడికి చిరాకు.

ఆ కాగితంలో తప్పేంటంటే అది ఎన్ని గంటలో చెప్తోంది కానీ కూర్చోగానే చేతులు ఏం చెయ్యాలో చెప్పట్లేదు. మార్చింది ఇలా: ట్యాబ్‌లన్నీ మూసేసి ఒకే కోర్సు, ఒకే ఫైల్. రోజుకి ఒక్క క్వెరీ, అంటే డేటాని అడిగే ఒక్క ప్రశ్న, ఆ భాషలో రాయాలి, అంతే. ఇంకా రాయాలనిపిస్తే రాసుకోవచ్చు, అనిపించకపోతే ఒక్కటి రాసి మూసెయ్యొచ్చు. దాంతోపాటు ఒక అలవాటు పెట్టుకున్నాడు, రాత్రి మూసే ముందు తర్వాతి క్వెరీ సగం టైప్ చేసి వదిలేసి, దాని పైన తెలుగులో ఒక కామెంట్ రాస్తాడు, "ఇక్కడ కస్టమర్ టేబుల్ కలపాలి, ఐడీ రెండింట్లోనూ ఉంది". మర్నాడు ఫైల్ తెరవగానే ఏం చెయ్యాలా అనే ఆలోచన లేదు, ఆ సగం లైన్ పూర్తి చెయ్యడమే, అది అయ్యేసరికి వాడు ఆల్రెడీ పనిలో ఉన్నాడు. పక్కన మ్యాచ్ నడుస్తూనే ఉంది, వాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

మీ పని ఏదైనా సరే ఇదే పద్ధతి పనికొస్తుంది. "బరువు తగ్గాలి" అనేది పని కాదు, "రాత్రి తిన్నాక అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు రౌండ్లు" పని. "రెజ్యూమె అప్‌డేట్ చెయ్యాలి" కాదు, "పాత ఫైల్ తెరిచి ఇప్పటి ప్రాజెక్ట్ గురించి మూడు లైన్లు" పని. "పీఎఫ్ సంగతి చూడాలి" కాదు, "పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబర్ ఎక్కడుందో పాత పే స్లిప్‌లో చూసి ఫోన్‌లో రాసుకోవాలి" పని. చదివిన వెంటనే చెయ్యి ఎటు కదలాలో తెలిస్తే అది సరిపడా చిన్నదైనట్టు. ఆఫీస్ పనికైతే ఇది ఇంకా ముఖ్యం, పెద్ద టాస్క్ ఒకటి బోర్డ్ మీద రెండు వారాల నుంచి కదలట్లేదంటే చాలావరకు అందులో మొదటి ముక్క ఏంటో ఎవరూ రాయలేదనే అర్థం.

మోటివేషన్ రీల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. గాబ్రియేల్ ఓటింగెన్ అనే సైకాలజిస్ట్ తోటి రీసెర్చర్‌తో కలిసి 2002లో ఒక స్టడీ ఇచ్చింది, చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళలో, మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యటి ఊహల్లో ఎక్కువగా ఉన్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత చూస్తే తక్కువ అప్లికేషన్లు పెట్టారు, తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతం కూడా తక్కువే. ఊహలోనే గెలిచేస్తే ఒంట్లో కసి చల్లారిపోతుంది. అందుకే ఆవిడ చెప్పేది, కావాల్సింది ఊహించుకున్న వెంటనే దానికి మన లోపల అడ్డొచ్చేది ఏంటో కూడా ఊహించుకుని, దానికి ప్లాన్ వేసుకోమని. రీల్ చూస్తే రక్తం పొంగుతుంది, నిజమే, ఆ పొంగు తగ్గేలోపు మీరు మళ్ళీ ఇంకో రీల్ దగ్గరే ఉంటారు.

స్టెప్ 4: రాత్రే నానబెట్టండి

ఇంట్లో రాత్రి పెసలు నానబోశారంటే పొద్దున పెసరట్టు ఖాయం. లేచాక మూడ్ ఉందా లేదా అనే చర్చ ఉండదు, పెసలు నానిపోయాయి కాబట్టి రుబ్బాలి. మన పనుల్ని కూడా అలా రాత్రే సగం దూరం తీసుకెళ్ళి పెట్టాలి. పొద్దున వాకింగ్ అయితే బూట్లు, సాక్స్ తలుపు దగ్గర, చదువు అయితే పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి కుర్చీలో, ఆఫీస్ పని అయితే లాగౌట్ అయ్యే ముందు రేపు ముందుగా చేసే ఒక్క పని స్టిక్కీ నోట్ మీద రాసి కీబోర్డ్ మీద. పైన తమ్ముడు సగం క్వెరీ వదిలెయ్యడం కూడా నానబెట్టడమే.

దీనికి తోడు ఎప్పుడు, ఎక్కడ అనేది ముందే ఫిక్స్ చెయ్యాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్ట్ దీని మీద చాలా చేశాడు. ఒక స్టడీలో స్టూడెంట్స్‌ని క్రిస్మస్ ఈవ్ ఎలా గడిచిందో రిపోర్ట్ రాసి రెండు రోజుల్లో పంపమన్నారు, కొందరిని మాత్రం ఏ టైమ్‌కి, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసివ్వమన్నారు. అలా రాసిచ్చినవాళ్ళలో టైమ్‌కి పంపినవాళ్ళు మిగతా వాళ్ళతో పోలిస్తే రెండింతలకి పైగా ఉన్నారు. ఇచ్చిన పని అందరికీ ఒక్కటే, తేడా అంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది.

మన బతుకుల్లో గడియారం టైమ్ పెట్టుకుంటే ట్రాఫిక్ వల్ల, లేట్ మీటింగ్ వల్ల రోజుకోలా చెడిపోతుంది, అందుకని గంట బదులు రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడేయండి. "ఏడింటికి" అనేకంటే "రూమ్‌కి వచ్చి బ్యాగ్ దించగానే" అనుకోండి. వైట్‌ఫీల్డ్‌లో మాకు తెలిసిన ఒక అక్క, పిల్ల పుట్టాక ఉద్యోగం మానేసి మళ్ళీ చేరాలనుకుంటోంది, ఆమె పెట్టుకున్నది "పాప మధ్యాహ్నం పడుకోగానే, అంట్లు ముట్టుకోకముందే, డైనింగ్ టేబుల్ దగ్గర". అంట్లు ముట్టుకోకముందే అన్నది అందులో ప్రాణం, ఎందుకంటే ఇంటి పని అనేది ఒకసారి ముట్టుకుంటే వదిలేది కాదు, పాప లేచేదాకా అదే సరిపోతుంది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షిఫ్ట్ ఉన్నవాళ్ళకైతే పొద్దున కాఫీ తాగగానే ఉన్న గంటే బంగారం, దాన్ని బట్టలు ఉతకడానికి ఖర్చుపెట్టకండి.

స్టెప్ 5: ఫోనూ, ప్రయాణమూ

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలుసు. ఆ మొదటి పది నిమిషాలు మాత్రం ఫోన్ చేతికి అందే దూరంలో ఉండకూడదు, పక్క గదిలోనో, అల్మారాలోనో పెట్టండి, సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకోవడం సరిపోదు.

ప్రయాణం మాత్రం బెంగళూరులో విడిగా ఆలోచించాల్సిందే. 2023 అక్టోబర్‌లో మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయ్యింది, 2025 ఆగస్టులో యెల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా వచ్చింది, ఆ రెండింటి మీద వెళ్ళేవాళ్ళకి వినడానికో చదవడానికో కాస్త వీలుంటుంది. అవుటర్ రింగ్ రోడ్ మీద బండి నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళకి ఆ వీలు లేదు, వాళ్ళు రూమ్‌కి చేరాక ఒక పావుగంట ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి, మొహం కడుక్కుని టీ తాగి అప్పుడు మొదలెట్టాలి. ఆ పావుగంట వేస్ట్ అనుకోకండి, హార్న్‌ల మధ్య నుంచి వచ్చి నేరుగా పుస్తకం తీస్తే ఎవరికీ ఎక్కదు.

స్టెప్ 6: ఒక్కళ్ళే చెయ్యకండి

ఊర్లో ఉన్నప్పుడు మనల్ని కదిలించేవాళ్ళు చుట్టూ ఉంటారు, ఇక్కడ వారం రోజులు గదిలోంచి రాకపోయినా అడిగేవాళ్ళు ఉండరు. మన ఊరుకాని ఊర్లో ఉండేవాళ్ళకి ఉత్సాహం తగ్గడానికి ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం, పైన డెసీ, ర్యాన్ చెప్పిన మూడోది ఇదే.

ఏం చెయ్యాలంటే, మీలాగే ఏదో ఒకటి మొదలెట్టాలనుకునే ఒక్క మనిషిని పట్టుకోండి. ఇద్దరి పనీ ఒకటే కానక్కర్లేదు, నువ్వు కోడింగ్ చేసుకో నేను బ్యాంక్ పరీక్షకి చదువుకుంటా, వీడియో కాల్ ఆన్ చేసి మాట్లాడకుండా గంట కూర్చోవడం, చివర్లో ఏం చేశామో చెరో రెండు ముక్కలు. సలహాలు ఇచ్చుకోవద్దు, అక్కడే ఈ ఏర్పాట్లు పాడవుతాయి. పక్కన మనిషి ఉంటే పని జరగడం ఎలా ఉంటుందో చూడాలంటే ఒక శనివారం పొద్దున కబ్బన్ పార్క్‌కి వెళ్ళండి, కబ్బన్ రీడ్స్ అని జనం దుప్పట్లు, చాపలు తెచ్చుకుని చెట్ల కింద ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటూ ఉంటారు, ఎవరూ ఎవర్నీ పలకరించరు, ఫీజు లేదు. గదిలో పది పేజీలు దాటని పుస్తకం అక్కడ సాఫీగా సాగుతుంది. తెలుగు పుస్తకం పట్టుకెళ్ళండి, పక్కన కూర్చున్నవాళ్ళలో ఒకరు తల తిప్పి మన అక్షరాలు చూసి నవ్వితే ఆ రోజుకి ఒక స్నేహం కూడా అయినట్టే.

స్టెప్ 7: జరిగింది కంటికి కనపడాలి

ఉద్యోగుల పని మీద రీసెర్చ్ చేసే టెరెసా అమాబిలే బృందం 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 ఎంట్రీలు చదివి తేల్చింది ఏంటంటే, మంచిగా గడిచిన రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనపడేది మనసుకి విలువనిపించే పనిలో ఒక అడుగు ముందుకు పడ్డం, అది ఎంత చిన్నదైనా సరే. కానీ ఆ అడుగు సాయంత్రానికి మనకే గుర్తుండదు, మేనేజర్ అన్న మాట మాత్రం గుర్తుంటుంది. అందుకని పడుకునే ముందు క్యాలెండర్ గడిలో ఇవాళ జరిగింది ఒక్క ముక్క రాయండి. జరగనివి రాయొద్దు.

స్టెప్ 8: తప్పిన రోజు, పండక్కి ఊరెళ్ళొచ్చిన వారం

21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అనే మాట నమ్మి 22వ రోజు నీరుగారిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అదే స్టడీలో ఇంకో సంగతి ఉంది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడ్డం పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి ఒక రోజు పోతే పోయింది, దాని గురించి రాత్రంతా తిట్టుకోవద్దు, మర్నాడు మాత్రం ఎంత చిన్న ముక్కయినా చెయ్యండి.

అసలు దెబ్బ పడేది లాంగ్ గ్యాప్ దగ్గర. 2014లో కేటీ మిల్క్‌మన్ అనే అమెరికన్ రీసెర్చర్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగంలో, వదలబుద్ధి కాని ఆడియో కథల్ని జిమ్‌లో మాత్రమే వినే వీలు పెట్టారు, మొదట్లో అలా వినేవాళ్ళు మిగతా వాళ్ళకంటే 51 శాతం ఎక్కువగా జిమ్‌కి వచ్చారు. తర్వాత అమెరికాలో ఇళ్ళకి వెళ్ళే థాంక్స్‌గివింగ్ పండగ సెలవులు వచ్చాయి, తిరిగొచ్చాక ఆ తేడా బాగా పడిపోయింది. మనకి అది సంక్రాంతి. కనుమ దాకా ఉండి, పెట్టిన అరిసెలూ పచ్చళ్ళూ మోసుకుంటూ వచ్చి దిగితే ఆ వారం ఇక్కడ ఏ పనీ మనది అనిపించదు.

అందుకని ఊరెళ్ళే ముందే తిరుగు ప్లాన్ రాసుకోండి. వచ్చిన రోజు ఏమీ పెట్టుకోవద్దు, ఆ రోజు నిద్రకే. రెండో రోజు మామూలుగా చేసేదాంట్లో సగం, క్వెరీ అయితే పాతది ఒకటి మళ్ళీ రాయడం, వాకింగ్ అయితే ఒక్క రౌండ్. మూడో రోజు నుంచి పూర్తిది. ఈ మూడు లైన్లు స్టెప్ 6లో పట్టుకున్న మనిషికి బస్సెక్కే ముందే మెసేజ్ పెట్టి, రెండో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చెయ్యి అని చెప్పండి, మీరూ వాళ్ళకి చెయ్యండి. ఊర్నుంచి తెచ్చినవి ఉంటాయి కాబట్టి, దగ్గర్లో ఉంటే ఫోన్ బదులు రూమ్‌కే రమ్మనండి, తిని అక్కడే కూర్చుని ఇద్దరూ ఆ సగం పని చేసుకోవచ్చు.